చెవిలో దాచిన అంకె

యోతేబా చేపలు పట్టే చోటు ఎక్కడో దేవుడు దిగివచ్చి అడిగినా చెప్పడు. ఆ సంగతి దీవిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. కొబ్బరికల్లు పోయించి అడిగినవాళ్లున్నారు. పడవ వేసుకుని వెంటపడ్డవాళ్లూ ఉన్నారు. వెనక ఇంకో పడవ కనిపిస్తే చాలు, వాడు మోటారు ఆపేసి, గాలం మాట కూడా ఎత్తకుండా వెల్లకిలా పడుకుని పాటలు పాడేవాడు. వచ్చినవాళ్లు ఎండకి మాడి, తిట్టుకుంటూ వెనక్కి పోయేవాళ్లు. అలాంటి మొండిఘటం.

ఆ మొండితనమే ఇప్పుడు వాడి మెడకు చుట్టుకుంది. సోమవారం తెల్లవారుజామున రేవు దాటిన పడవ గురువారం పొద్దెక్కినా తిరిగి రాలేదు. పడవలో వాడొక్కడే. రెండు డబ్బాల నీళ్లు, నాలుగు కొబ్బరిబోండాలు, ఒక ఎండబెట్టిన సీమపనస కాయ, అంతే తీసుకెళ్లాడు. దీవిలో ఉన్న పడవలన్నీ రెండు రోజులు నాలుగు వైపులా తిరిగి వట్టి చేతులతో వచ్చాయి. ఎక్కడని వెతుకుతారు? సముద్రమంటే మన పెరడు కాదు కదా.

దీవికి ఉన్న ఒకే ఒక్క పోలీసు బరానికో, చెప్పులు కూడా వేసుకోకుండా పంచాయతీ ఆఫీసులోకి వచ్చాడు. బల్ల దగ్గర అకసీత కూర్చుని ఉంది. ఆమె ఆ ఆఫీసులో గుమాస్తా, యోతేబాకి సొంత చెల్లెలు.

"విమానం బయల్దేరింది చెల్లెమ్మా. పన్నెండింటికి మన మీదకొస్తుంది. మూడు గంటలు తిరగడానికి ఇంధనం ఉంటుందంట. ఆ తర్వాత పోతుంది."

"రేపు మళ్లీ వస్తుందా?"

"రేపటి సంగతి ఎవరూ చెప్పట్లేదు." బరానికో నుదురు తుడుచుకున్నాడు. "ప్రవాహం పడవని ఎటు లాక్కుపోయిందో వాళ్లే లెక్కకడతారంట. కానీ మొదట ఎక్కడికెళ్లాడో మనం చెప్పాలి. రాజధాని తరావా వాళ్లు రేడియోలో అదే అడుగుతున్నారు. మీ అన్న చేపలకి కూడా తాళం వేసే రకం. నేనేం చెప్పను?"

"ముసలోడి గిన్నెకి పోతున్నానని అమ్మతో అన్నాడు."

"ఆ గిన్నె ఎక్కడుందో?"

అకసీతకి తెలియదు. తాత పెట్టిన పేరది. ఆ పేరు చిన్నప్పటినుంచీ ఇంట్లో వింటూనే ఉంది, చోటు మాత్రం చూడలేదు. కాని ఎక్కడ రాసి ఉందో తెలుసు. ఆమె లేచి అన్న ఇంటికి పరుగెత్తింది.

యోతేబా భార్య పోయి నాలుగేళ్లయింది. ఒంటరి మనిషి ఇల్లు ఎలా ఉంటుందో అలానే ఉంది. దూలానికి వేలాడే వలల మధ్య, ప్లాస్టిక్ సంచీలో చుట్టి ఉంది పాత ల్యాప్‌టాప్. అది పంచాయతీ ఆఫీసువాళ్లు పారేస్తుంటే అకసీతే అడిగి తెచ్చి ఇచ్చింది. పడవలో దారి చూపే యంత్రం ఉన్నా, యోతేబా అందులో ఏ చోటూ దాచుకోడు. ఎవడైనా మీట నొక్కితే చూసేస్తాడని భయం. తిరిగొచ్చాక అంకెలు ఈ ల్యాప్‌టాప్‌లో, మామూలు రాత ఫైలులో రాసుకుంటాడు. అదీ అంకెల్లో కాదు. కంప్యూటరులో ఎక్కడో మూలన ఉన్న గుర్తుల పట్టికని తనంతట తానే కనిపెట్టి, ఒక్కో అంకెకి ఒక్కో వింత గుర్తు పెట్టుకున్నాడు. "నువ్వేమైనా రాజుగారి ఖజానా కాపలావాడివా" అని అకసీత అప్పట్లో తెగ ఎగతాళి చేసింది. వాడు నవ్వి ఊరుకున్నాడు.

ఆఫీసుకి తెచ్చి, కరెంటు తగిలించి, ఫైలు తెరిచింది. గోడ మీద గడియారం పదీ పది చూపిస్తోంది. తెర నిండా పురుగులు పాకినట్టు గుర్తులు. నలభై వరసల దాకా ఉన్నాయి. ప్రతి వరస మొదట్లో చోటు పేరు, ఆ పక్కన రెండు గుంపులుగా గుర్తులు. ఏడో వరసలో ఉంది ముసలోడి గిన్నె. ఆ గుర్తుల వెనకాల అన్న ఉన్నాడు, గొంతు తడారిపోయి, ఎండలో. 

"వీడి దుంపతెగ," అన్నాడు భుజం మీదుగా చూసిన బరానికో. "ఇదేం రాత? దయ్యాలకి రాసిన ఉత్తరంలా ఉంది."

"కాసేపు మాట్లాడకన్నా."

ముందు ఫైలుకి ఒక నకలు తీసింది. ఏళ్ల తరబడి గుమాస్తాగిరీ చేసినందుకు వచ్చిన బుద్ధి అది. తర్వాత ఆలోచించింది. వాళ్ల దీవి భూమధ్యరేఖకి దక్షిణాన ఒకటో డిగ్రీలో ఉంది, తూర్పున నూట డెబ్బై అయిదో డిగ్రీలో ఉంది. అన్న తిరిగేదంతా దాదాపు ఆ డిగ్రీల లోపలే. కాబట్టి ప్రతి వరసలో మొదటి గుంపు ఒకటితో మొదలవ్వాలి, రెండో గుంపు నూట డెబ్బై అయిదుతో మొదలవ్వాలి. చూస్తే అన్ని వరసల్లోనూ పేరు పక్కన మొదట § ఉంది. రెండో గుంపు మొదట §¤¶ ఉంది. ఒకటి, ఏడు, అయిదు దొరికాయి.

వెతికి మార్చే పెట్టె తెరిచింది. పై గడిలో §, కింది గడిలో 1. అన్నీ మార్చు అని నొక్కింది. తెర మీద పురుగుల్లో కొన్ని ఒక్కసారిగా అంకెలైపోయాయి. ¤ తీసి 7 పెట్టింది. ¶ తీసి 5 పెట్టింది.

మిగతా వాటికి తాళంచెవి చివరి వరసలో ఉంది. రేవు కాలువ. పగడపు గట్టు మధ్య పడవలు దాటే సందు అది, దాని అంకెలు ఆఫీసు గోడ మీద పటంలోనే ఉన్నాయి. దక్షిణం ఒక డిగ్రీ, యాభై రెండు పాయింటు ముప్పై నిమిషాలు. తూర్పు నూట డెబ్బై అయిదు, ముప్పై ఆరు పాయింటు ఎనభై నాలుగు. ఆ వరసని, పటాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే తొమ్మిది తప్ప అన్ని అంకెలూ తేలాయి. మిగిలిపోయిన గుర్తు తొమ్మిది. అకసీత కాయితం మీద పట్టిక రాసుకుంది. రెండుకి ఇది, సున్నాకి ఇది, మూడుకి ø, ఎనిమిదికి Ø.

ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయింది. ø తీసి 3 పెట్టింది. ఆరు అయింది, నాలుగు అయింది. చివరికి Ø కోసం వెతికింది. అలాంటిది ఒక్కటి కూడా లేదని చెప్పింది కంప్యూటరు.

 ఇందాక చూసింది, ఉండాలి, ఎక్కడికి పోతాయి? కళ్లు నులుముకుని రేవు కాలువ వరస చూసింది. ఎనభై నాలుగు ఉండాల్సిన చోట ముప్పై నాలుగు కూర్చుని ఉంది. ఎనిమిదులన్నీ మూడులైపోయాయి. ముసలోడి గిన్నె వరసలో కూడా ముప్పై మూడు అని ఉంది. అందులో ఏ మూడు నిజం మూడో, ఏది మింగేసిన ఎనిమిదో ఇక ఎవరూ చెప్పలేరు.

"ఏమైంది?"

"చిన్న గుర్తూ పెద్ద గుర్తూ ఒకటే అనుకుని రెండింటినీ కలిపేసింది, ముదనష్టపుది."

ఆ పెట్టె అడుగున, చిన్నా పెద్దా తేడా చూడమంటూ ఒక గడి ఉంది. దాంట్లో టిక్కు లేదు. ఎన్నేళ్లుగా ఆ పెట్టె వాడుతోందో, ఏనాడూ ఆ గడి అవసరం పడలేదు. అకసీత చెడిపోయిన నకలు మూసేసింది. అసలు ఫైలు తెరిచి ఇంకో నకలు తీసింది. టిక్కు పెట్టింది. మళ్లీ మొదటినుంచీ. ఈసారి ఒక్కో మార్పుకీ రేవు కాలువ వరసని వేలు పెట్టి చదువుకుంది. గడియారం పదకొండూ ఇరవై దాటింది. చెమటకి వేళ్లు మీటల మీద జారుతున్నాయి.

చివరి గుర్తు పోయింది. రేవు కాలువ పటంతో అక్షరాలా సరిపోయింది. ముసలోడి గిన్నె: దక్షిణం ఒకటి, ముప్పై ఎనిమిది. తూర్పు నూట డెబ్బై అయిదు, పదహారు.

"పడమటికి ఇరవై మైళ్లు," అంది అకసీత. భూమధ్యరేఖ దగ్గర డిగ్రీలో అరవయ్యో వంతైన నిమిషానికి ఒక సముద్రపు మైలు చొప్పున పోతుంది, లెక్క తేలిక. "ఉత్తరానికి ఇంకో పద్నాలుగు."

బరానికో ఆ కాయితం పట్టుకుని రేడియో గదిలోకి ఉరికాడు. అంకెలు రెండుసార్లు చదవడం, అవతలివాళ్లు తిరిగి చదవడం ఆమెకి వినిపించింది.  కొంగున కళ్లు తుడుచుకుని అమ్మ దగ్గరకి నడిచింది.

మారెతమ్మ గుడిసె అరుగు మీద చాప అల్లుతోంది. మూడు రోజులుగా ఆమె ఏడవలేదు, రేవుకి రాలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. అసలు కొడుకు పడవెక్కిన ఏ రోజూ ఆమె రేవుకి వచ్చి ఎరగదు. రాతిగుండె అని ఊళ్లో ఆడవాళ్లు చెవులు కొరుక్కునేవారు.

"అన్న రాత విప్పానమ్మా. విమానం ఇంకాసేపట్లో అక్కడికే పోతుంది. ముసలోడి గిన్నె పడమట ఇరవై మైళ్లలో ఉంది."

మారెతమ్మ చేతులు ఆగిపోయాయి. ఆకు సగం మడతలో ఉండిపోయింది. తల ఎత్తలేదు. మళ్లీ అల్లడం మొదలుపెట్టింది గాని, వేళ్లు ఒక వరస తప్పాయి. అరవై ఏళ్లుగా చాపలు అల్లుతున్న మనిషి వరస తప్పడం అకసీత ఎన్నడూ చూడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. 

ఆ ఇంటి పద్ధతి ఒకటుంది. సముద్రం గురించి ఏం నేర్పినా, ఏం రాసినా, ఒకటి తక్కువ పెడతారు. నాన్న పడవకి తాళ్లు కట్టడం నేర్పాడు, ఒక ముడి మాత్రం చూపలేదు. తాత చుక్కల దారి చెప్పాడు, ఒక చుక్క పేరు మింగేశాడు. ఆ దాచిన ఒక్కటి ఇంట్లో పెద్దావిడ చెవిలో ఉంటుంది. మగవాడు పోయాక, పోయినవాడి చాప పరిచి, దాని పక్కన కూర్చుని, వారసుడికి ఆమె ఆ ఒక్కటి చెబుతుంది. అంతకుముందు చెప్పదు. నాన్న పోయిన రోజు అమ్మ అలాగే యోతేబా చెవిలో చెప్పడం అకసీత గుమ్మంలోంచి చూసింది. ఇంత తెలిసిన మనిషి, తెర మీద అంకెలు కుదరగానే మురిసిపోయి అన్నీ మరిచిపోయింది. అన్న ఆ గుర్తులు పెట్టింది ఊరివాళ్ల కోసం. ఇంట్లో పుట్టినవాళ్ల కోసం ఇంకోటి పెట్టే ఉంటాడు.

"అమ్మా. అందులో ఒకటి తక్కువుంది కదా?"

మారెతమ్మ ఇంకో ఆకు అందుకుంది.

"నీకు చెప్పాడు కదా?"

"పొయ్యి మీద నీళ్లున్నాయి, చూడు," అంది మారెతమ్మ.

"విమానం పడమటికి పోతోందమ్మా. అన్న అక్కడ లేడు. అవునా?"

మారెతమ్మ చాప పక్కన పెట్టింది. ఆమె మొహం చూస్తే అకసీతకి భయమేసింది. మూడు రోజుల భయం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"నేను నోరిప్పితే వాడు పోయినట్టే. నీకు తెలీదా? అది పోయినోడి మాట. బతికున్నోడి మాట కాదు. నా నోటితో నా కొడుకుని నేనే సముద్రంలోకి తోసెయ్యాలా?"

"నువ్వు విప్పకపోతే వాడు దాహంతో చస్తాడు."

"వాడు బతికే ఉన్నాడు. నేను చెప్పలేదు కాబట్టే బతికి ఉన్నాడు. ఈ మూడు రోజులూ నేను పళ్లు బిగపట్టుకుని కూచున్నది ఎందుకనుకున్నావే?"

 అకసీత చదువుకున్న మనిషి, ఇవన్నీ పాత మాటలని నవ్వేసే మనిషి. కాని ఆ క్షణాన నవ్వు రాలేదు. అమ్మ మాట నిజమైతే? చెప్పగానే, అక్కడెక్కడో పడవలో పడుకున్న మనిషి ఊపిరి ఆగిపోతే?  దూరాన, పడమటి వైపు నుంచి, సన్నగా విమానం చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వాళ్ల మీదుగా రాలేదు, అటునుంచి అటే పోయింది.

"అమ్మా, ఆ చప్పుడు విను. మూడు గంటలే. తర్వాత అది కూడా ఉండదు. వాడు పోతే నాకెలాగూ చెప్తావు. చాప పరిచి, చొక్కా పెట్టి, అప్పుడు చెప్తావు. ఆ చెప్పేదేదో ఇప్పుడే చెప్పు. ఆ పాపం నా మీద వేసుకుంటాను."

"ఒకరి పాపం ఒకరి మీదకి పోదు."

మారెతమ్మ లేచింది. కొడుకు ఇంట్లోకి వెళ్లింది. వాడు పడుకునే చాప తీసి నేల మీద పరిచింది, తల తూర్పు వైపు వచ్చేలా. వాడి ఆదివారపు తెల్ల చొక్కా మడత విప్పి చాప మీద పెట్టింది. చేతులు రెండూ పక్కలకి సర్దింది, మనిషి పడుకున్నట్టే. మొగుడికి కూడా ఇలాగే చేసింది. అకసీత గోడకి ఆనుకుని నోట్లో కొంగు కుక్కుకుంది.

"రా."

అకసీత వెళ్లి కూర్చుంది. అమ్మ పెదవులు చెవికి తగిలాయి. అవి మంచుముక్కల్లా ఉన్నాయి.

"నలభై. తూర్పు గుంపుకి కలపాలి. రేవు కాలువకి తప్ప అన్నిటికీ."

ఆ మాట అయిపోగానే మారెతమ్మ చొక్కా పక్కన ముడుచుకుని పడుకుంది. అకసీత ఆమెని అలాగే వదిలేసి పరుగెత్తింది. పరుగెత్తుతూనే కలుపుకుంది. పదహారుకి నలభై కలిపితే యాభై ఆరు. పడమట ఇరవై కాదు, తూర్పున ఇరవై. విమానం సరిగ్గా ఎదురు వైపు సముద్రంలో తిరుగుతోంది.

"యాభై ఆరు," అంది రేడియో గది గుమ్మం పట్టుకుని. "పదహారు కాదన్నా, యాభై ఆరు. తిప్పమను."

బరానికో నోరు తెరిచాడు. "ఇందాకటిది తప్పా? నువ్వే కదే, పటంతో సరిపోయిందన్నావు."

"తప్పు కాదు. సగం."

"నిజంగా తెలుసా నీకు? వాళ్లు మళ్లీ తిప్పరు. ఒకసారే అడగగలను."

ఆమె తల ఊపింది.  బరానికో రేడియో మీట నొక్కాడు.

ఆ తర్వాత గంటన్నర ఎలా గడిచిందో ఆమెని అడిగితే చెప్పలేదు. గడియారం వైపు చూడకుండా కూర్చుంది. తెర మీద ఫైలు ఇంకా తెరిచే ఉంది, వరసలన్నీ మామూలు అంకెలై, బట్టలిప్పిన మనిషిలా. చూడలేక మూత వేసేసింది. రేడియో బరబరమన్నప్పుడల్లా, అమ్మ ఆ చొక్కా పక్కన పడుకున్నది కళ్ల ముందు కనపడింది. నేనే అడిగి చెప్పించాను, నేనే చెప్పించాను అని లోపల ఒకటే గొడవ.

రెండూ నలభైకి తరావా మాట్లాడింది. పడవ కనపడింది. మోటారు పైకెత్తి ఉంది. లోపల ఒక మనిషి పడుకుని ఉన్నాడు. కదలడం లేదు.

బరానికో టోపీ తీశాడు. అకసీత చెవులు మూసుకుంది. విమానం కిందకి దిగి ఇంకోసారి తిరుగుతోందని రేడియో చెప్పింది. చాలాసేపు గరగరలు తప్ప ఏమీ లేవు. తర్వాత అదే గొంతు, అదే తీరున, నీళ్ల డబ్బా జారవిడిచామనీ, మనిషి లేచి దాన్ని అందుకున్నాడనీ చెప్పింది.

మర్నాడు సాయంత్రం పంచాయతీ పడవ వాణ్ని తెచ్చింది. దీవి మొత్తం రేవులో ఉంది, ఒక్క మారెతమ్మ తప్ప. యోతేబా పెదవులు పగిలి, కళ్లు లోతుకి పోయి, ఇద్దరి భుజాల మీద చేతులు వేసుకుని దిగాడు. మోటారు చెడ్డాక ప్రవాహం తీసుకుపోయిన దారిలో, సరిగ్గా ఆ చోటునుంచి వెతక్కపోతే దొరికేవాడు కాదని పడవవాళ్లు అంటున్నారు. వాడు అవేమీ వినిపించుకోలేదు. చెల్లెలి మొహంలోకి చూశాడు.

"అమ్మ చెప్పిందా?"

"చెప్పింది."

వాడు ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి, పరిచి ఉన్న చాపని, దాని మీద చేతులు సర్దిపెట్టిన తన చొక్కాని చూశాడు. మారెతమ్మ మూలన కూర్చుని ఉంది. కొడుకు పాదాలు రెండూ పట్టుకుని, నేల మీద ఆనుతున్నాయో లేదో తడిమి చూసింది. అప్పుడేడ్చింది, ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చేంత గట్టిగా.

ఆ చాపని తీసి కాల్చేశారు. చొక్కా కూడా. కాని కొన్ని కాలేవి కావు. "బతికుండగా చెప్పేశాను, నా చెవి ఇక పనికిరాదు" అని మారెతమ్మ తేల్చి చెప్పింది. కొడుకు ఎంత బతిమాలినా వినలేదు.

మూడు వారాల తర్వాత, యోతేబా పొద్దున్నే పంచాయతీ ఆఫీసుకి వచ్చాడు. ల్యాప్‌టాప్ చంకలో ఉంది. గుర్తులన్నీ మార్చేశాడట, కొత్త పట్టిక. ఈసారి చిన్నవీ పెద్దవీ కలవవులే అని నవ్వబోయాడు. తర్వాత తలుపు వేశాడు.

"ఇటు రా చెల్లీ."

అకసీతకి అర్థమైంది. కుర్చీలోనే వెనక్కి జరిగింది.

"నాకొద్దన్నా. నేను మొయ్యలేను."

"నువ్వే అడిగి చెప్పించావు కదా. ఇంకెవరి దగ్గర పెట్టను?"

వాడు వంగి, ఆమె చెవిలో ఒక అంకె చెప్పాడు. తలుపు తీసుకుని రేవు వైపు వెళ్లిపోయాడు. కాసేపటికి మోటారు చప్పుడు లేచింది, గట్టు దాటింది, సన్నబడింది. అకసీత కిటికీ దగ్గరకి వెళ్లలేదు. అమ్మ ఇన్నేళ్లూ రేవుకి ఎందుకు రాలేదో ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలిసింది. పళ్లు బిగపట్టి, బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

బరానికో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మీ అన్న మళ్లీ పోయాడే. ఈసారైనా ఎటు పోయాడో నీకు చెప్పాడా?"

"లేదన్నా," అంది అకసీత. "నాకేం చెప్పలేదు."